బుచ్చిరాములు పేరు మీది దగ్గు

మెల్లగ అడుగరాదా వానికి? దవాఖాన మనిషి సైకిలేసుకొని మీ వాడకు వచ్చుడేంది, బోరింగు కాడ అందరి ముందట "టీబీ బుచ్చిరాములు ఇల్లేది, మందులు నడుమల్నే బంద్ పెట్టిండు" అని అడుగుడేంది?

కూసో బుచ్చిరాములు. దగ్గరికి రాకు, గాలి వచ్చే దిక్కు అరుగు చివరకు కూసో. ఎందుకో చెప్త.

తెలుసయ్యా. నీ కోడలు పిల్లను సంకనేసుకొని జమ్మికుంటకు, అవ్వగారింటికి పోయిందట. నీ కంచం వేరే పెట్టిండ్రట. మీ వాడ రాజం చెప్పిండు. నువ్వు దగ్గనే దగ్గలేదాయె. నిజమే.

జర ఆగు, నన్ను చెప్పనియ్యి. నేను పట్నంల జంతుశాస్త్రం చదివినోణ్ని. చదివి ఏం చేసిన అంటవా? అంగట్ల ఎడ్ల పండ్లు చూసి వయసు చెప్పిన. నవ్వకు.

మా మేనల్లుడు శ్యాంసుందర్‌రావు లేడూ, కరీంనగర్ల డాక్టరు. మొన్న వచ్చినప్పుడు ఊకెనే అడిగినట్టు అడిగిన. మన ఒళ్లు కంటికి కనవడనంత చిన్న అర్రలతోని కట్టిన ఇల్లు అనుకో. కణాలంటరు. ఊపిరితిత్తులల్ల కావలి కణాలుంటయి. టీబీ పురుగు వస్తే కావలి కణం మింగుతది. మింగినంక దాని పని ఒడువాలె గదా? ఒడువది. గా పురుగు అండ్లనే సంసారం పెడ్తది. మింగినోని కడుపులనే తిని, పండి, పిల్లల్ని కంటది.

అప్పుడు గా కణం ఏం చేస్తదో ఎరుకేనా? సచ్చిపోతది, తనంతల తానే. పలిగి కాదు. పలిగితే పురుగులు అంతట చెదురుతయి. ముడుసుకొని, సదురుకొని, పురుగును లోపట్నే మూట గట్టి సస్తది. పక్క కణం వచ్చి గా మూటను మింగి అరిగిచ్చుకుంటది. అన్నిసార్లు గట్లయితదని కాదు, అందుకే గోలీలు. కని పురుగుకు గా సావంటెనే భయమట. కణాన్ని గట్ల సావనియ్యదట. దాన్ని నిలవెట్టి, దాని చాటుకు తాను బతుకుతదట.

నీకు సమజ్ కాలే. నాకూ గా రోజు కాలే.

నా దగ్గు చూపిచ్చుకోను పోతే పెద్దపల్లి దవాఖానల పేరేందని అడిగిండ్రు. మనోళ్లెవరన్న ఉన్నరా అని ఎన్కకు తిరిగి చూసిన. దొరకు టీబీ అంటే ఇంక ఎవడన్న ఈ గడప తొక్కుతడా అనుకున్న. నోటికి నీ పేరొచ్చింది. ఏ మూట వచ్చినా నీ నెత్తినే పెట్టి అలవాటాయె.

గోలీలు మింగిన. జరం దిగింది, ఆకలయింది. బాగైందనుకొని బంద్ పెట్టిన. చదువుకున్నోని తెలివి ఇది. మళ్ల దగ్గు మొదలైంది. నిన్న రక్తం పడ్డది. నా భార్య సరళాదేవికి దమ్ము రోగమని చెప్పిన. నమ్మినట్టే ఉంటది, కని నా తువ్వాల తానొక్కతే ఉతుకుతుంది.

తిట్టరాదు. తలకాయ వంచుకొని కూసుంటవు, గదే నాకు పరేషాన్. నీ పేర్ల సొచ్చి కూసున్నది నేను. ఊరు నిన్ను వెలేస్తుంటే చాటుకు బతుకుతున్న.

లెవ్వు. బోరింగు కాడికి పోదాం. అందరి ముందట నేనే చెప్త. నీ కోడలుకు కబురు పంపిస్త. రేపు పెద్దపల్లికి పోయి పేరు మార్పిచ్చుకొని మళ్ల గోలీలు మొదలువెడ్త. దొర మర్యాదనా? సావనియ్యి దాన్ని. సదురుకొని సావనియ్యి.

అగో, మళ్ల నా ఎనక నిలవడ్డవు. ఎదురుగాలి ఉన్నది, నేను ముందు నడిస్తే నా దగ్గంత నీ మీదికే. నువ్వు ముందల నడువు. నేను మూతికి తువ్వాల కట్టుకొని ఎనక వస్త.

నడుమల్ల నా కాళ్లు ఆగితే మాత్రం ఎన్కకు తిరిగి పిలువు. దొరా అని కాదు. రామేశ్వర్‌రావు అని పిలువు. నా పేరు నీకు ఎరుకే గదా, ఇన్నేండ్లు నోట్లెకెల్లి రాలే, అంతే.