వదిన విప్పిన బ్రేకులు

పంతొమ్మిది వందల తొంభై ఏడు, జూన్ పదిహేను, ఆదివారం. పొద్దుటి నుంచీ సన్నటి తుంపర, గాలన్నది లేదు. తేదీతో సహా ఎలా గుర్తుందంటావా అల్లుడూ? ఇందాక నువ్వే కదా, "కారు బ్రేకులు ఇంట్లో ఎవరు విప్పుకుంటారు మావయ్యా, ప్రాణం మీదికి తెచ్చుకోవడం కాకపోతే" అన్నావు? మా వదిన విప్పింది. నువ్వు ఆవిణ్ణి చూళ్ళేదులే, నీ పెళ్ళికి చాలా ముందే పోయింది. మా అన్నయ్య భార్య. పెద్దాసుపత్రి ఆపరేషన్ గదిలో ఇరవై రెండేళ్ళు నర్సు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఆవిడ "ఊఁ" అంటేగాని కుట్టు వేసేవారు కాదట. లోపల దూదిముక్క ఒక్కటి మిగిలినా ఊరుకునేది కాదు, లెక్క తేలాలి. ఆ కారు కూడా ఆవిడ జీతంతో కొన్నదే, రిటైరై పోతున్న ఓ డాక్టరు దగ్గర. అప్పటికే దానికి పదహారేళ్ళు. అన్నయ్యకి నడపడం రాదు. పక్కన కూచుని "ఎడమ పక్క గొయ్యి ఉందే" అని చెప్పడం ఒక్కటే ఆయన ఉద్యోగం. పాపం, అప్పటికి ఆ ఉద్యోగమూ పోయింది, చూపు మసకబారింది కదా. ఏం చెబుతున్నాను?

ఆఁ, కన్ను. అన్నయ్యకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి ఆపరేషన్ సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి తప్పితే మళ్ళీ మూడు నెలలు, "అంతవరకూ ఆ కన్ను ఆగదమ్మా" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇల్లేమో కొండ మీద, ఆసుపత్రి కింద, మధ్యన పదకొండు మలుపులు. శనివారం సాయంత్రం చూస్తే వెనక చక్రాలు రెండూ కాలిపోతున్నాయి. మెకానిక్ వచ్చి చూసి పెదవి విరిచాడు. "కాలిపర్లు పట్టేశాయమ్మా. బుధవారం దాకా నాకు చెయ్యి ఖాళీ లేదు." కాలిపర్ అంటే నీకు తెలుసుగా, చక్రంతో పాటు తిరిగే పళ్ళేన్ని రెండు వైపులా పట్టి ఆపే ఇనప దవడ. టాక్సీ చేసుకోవచ్చుగా అంటావు. ఆ కొండ మీదికి, వానలో, తెల్లారగట్ల ఎవడొస్తాడయ్యా? వదిన అతన్ని ఒకటే అడిగింది: "లోపలి రబ్బర్లు మీ దగ్గరున్నాయా?" అవి కొనుక్కుని, నన్ను పిలిపించింది. నేను కాలేజీలో ఫిజిక్సు చదివానని ఆవిడకి నా మీద అంత గురి!

భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. విప్పిన ప్రతి మరా, ప్రతి బద్దా విప్పిన వరసలోనే దాని మీద పెట్టి, పక్కన పలక మీద లెక్క రాసింది. లోపలున్న ఇనప దిమ్మ, అదే పిస్టను, ఎంతకీ రాదు. సైకిల్ పంపు గొట్టం బిగించి, ఎదురుగా చెక్కముక్క, దాని మీద మడతపెట్టిన తువ్వాలు పెట్టి "కొట్టు మరిదీ" అంది. కొట్టాను. ఠప్పుమని ఊడి తువ్వాల్లో పడింది. బిడ్డని అందుకున్నట్టు అందుకుందనుకో! తుప్పంతా తుడిచింది. నేను తెలివిగా కుట్టుమిషన్ నూనె పట్టుకెళితే, "రబ్బరు ఉబ్బిపోతుందని ప్యాకెట్ మీద రాసి ఉంది, డిగ్రీ గారు చదవలేదు కాబోలు" అని, బ్రేకులో పోసే ద్రవమే వేలితో రాసి కొత్త రబ్బరు కూచోబెట్టింది. అంత లావు వేళ్ళు, ఎంత మెత్తగా కదిలాయంటావు! నేను మాట్లాడ్డం మానేశాను. నేను మాట్లాడ్డం మానడమంటే మాటలా?

బిగించే పని మాత్రం నాకిచ్చింది. చక్రాల దగ్గర వంగోవడం ఆవిడ నడుముకి కష్టం. బిగించాను. ఇక గొట్టాల్లో గాలి తియ్యాలి. గాలి తీసే చిన్న మరకి సెలైన్ గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో ముంచి, వదిన లోపల పెడలు దగ్గర, నేను చక్రం దగ్గర, "తొక్కు... ఆపు... వదులు" అంటూ గంట సేపు. బుడగలు ఆగిపోయాయి. కానీ పెడలు తొక్కితే నీళ్ళసంచిలా మెత్తగా నేలకి దిగిపోతోంది. నాకు ఓపిక అయిపోయింది. "పరవాలేదు వదినా, రెండుసార్లు తొక్కితే పడుతుందిలే" అన్నాను. ఆవిడ ఆ నడుముతోనే తడినేల మీద కూలబడి, చక్రం వెనక్కి తొంగి చూసింది. "మరిదీ, సిరంజిలోకి మందు తీశాక సూది కిందికి పెట్టి గాలి తోస్తారా?" నాకర్థం కాలేదు. "ఈ మర ముక్కు కిందికి చూస్తోందేం మరి?"

కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించేశానయ్యా! గాలి పైన దాక్కుంటే కిందనుంచి ఎలా వస్తుంది? బుడగ పైకి పోతుందని తెలుసుకోడానికి నాకు డిగ్రీ కావాల్సొచ్చింది, అదీ మర్చిపోయాను. తిట్టలేదు. "విప్పు" అంది, అంతే. మళ్ళీ విప్పి, మార్చి, మళ్ళీ గాలి తీసేసరికి సాయంత్రం ఐదు. ఈసారి పెడలు రాయిలా నిలబడింది. పలక మీద లెక్క సరిచూసుకుని, చెరిపేసి, తాళం తీసుకుంది. నేను ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "కాదు. ముందు నేనొక్కదాన్నే."

గేటు దగ్గర నేనూ అన్నయ్యా నిలబడ్డాం. కారు మొదటి మలుపు తిరిగాక నాకేమీ కనపడలేదు. అన్నయ్య మాత్రం మొహం పైకెత్తి వింటున్నాడు. "నాలుగో మలుపు దగ్గరుందిరా... వేగం పెంచుతోంది... ఇది మహా మొండిది..." నా చేతిని ఎముక విరిగేలా పట్టుకున్నాడు. చివరికి "ఆగింది" అన్నాడు. ఆ చెయ్యి వదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

మర్నాడు ఆపరేషన్ అయింది. తొమ్మిదేళ్ళు పేపరు చదువుకుని పోయాడు మహానుభావుడు. ఆయన వెనకాల నాలుగేళ్ళకి వదిన. ఇల్లు పెద్దకొడుక్కి రాసింది. కారు కూతురికి, ఆ పిల్ల నలభై దాటాక నడపడం నేర్చుకుంది. రెంచీల పెట్టె మెకానిక్‌కి. నిజం చెప్పొద్దూ, దాని మీద నాకు ఆశ ఉండేది. నాకేమీ లేదు. చిన్నకొడుక్కీ ఏమీ లేదు. కారు చెడిన ఆ శనివారం వాడు ఫోన్ చేసి, "మూడు నెలలాగితే ఏం పోయిందమ్మా, ఈ వయసులో నాన్న చూడాల్సిందేముంది?" అన్నాడని వదినే నాతో చెప్పింది. వీలునామా చదువుతుంటే, ఎందుకన్నట్టు వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.