ఊదని విజిల్

అట్లా చూడకే. బూట్లు బయటే విప్పి వచ్చాను. అయినా ఆ నర్సమ్మ ఇంతెత్తున లేచింది, "ఇది వార్డా, ఆటల మైదానమా?" అని. ఆవిడ తప్పేం లేదులే. చెమటతో, దుమ్ముతో రోగి మంచం దగ్గరికి రాకూడదు. నాకు తెలియదా? పదిమందికి శుభ్రం నేర్పినదాన్ని. కానీ ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చేలోపు డాక్టరమ్మ వచ్చి వెళ్ళిపోతే?

నువ్వు మాట్లాడకు. గొంతు కుట్లు ఆరేదాకా గుసగుస కూడా పనికిరాదన్నారు కదా. అవునంటే తల ఊపు, కాదంటే వేలు ఆడించు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నా మాటకి అడ్డు చెప్పకుండా ఉన్నది ఈ నాలుగు రోజులేనే.

నవ్వకు! కుట్లు లాగుతాయి.

ఏంటి? స్వెటరా? తియ్యను. చలిగా ఉంది. చెమటా? పడితే పడనీ.

ముందు నా గోడు విను. ఈరోజుతో ఆ పరుగుల జట్టుకో దండం. ఇంక నా వల్ల కాదు. ఎంత నేర్పితే ఏం లాభం చెప్పు? ఆ క్యాంటీను వంటాయన ఉన్నాడే, పోయినసారి దారిలో ఆగి టీ తాగుతుంటే పట్టుకున్నాను. "పోయినవాళ్ళ పేరు మీద పరిగెడుతూ టీ ఏంటయ్యా?" అన్నాను. "మా ఆవిడకి కూడా టీ అంటే ప్రాణం, విజిలమ్మా" అంటాడు! విజిలమ్మట. నా మెడలో ఈ విజిల్ ఉంటుందని అందరూ అదే పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఒక్కసారి ఊదితే ఎంతటివాడైనా ఎక్కడివాడక్కడ ఆగాల్సిందే. ఆ కట్టడి నేను పెట్టిందే.

మా పద్ధతి నీకు తెలిసిందేగా. క్యాన్సరు ఎవరినో ఒకరిని మింగిన ఇళ్ళవాళ్ళం అందరం. టీషర్టు వీపు మీద పోయినవాళ్ళ పిలుపు, గుండె మీద ఇంకా వైద్యంలో ఉన్నవాళ్ళ పిలుపు. అమ్మ, అన్నయ్య, మా టీచరమ్మ, ఇట్లా ఎవరిని ఏమని పిలుచుకుంటే అదే. గుడ్డ ముక్కల మీద రాసేదీ నేనే, లాగితే ఊడేలా పచ్చికుట్టు వేసేదీ నేనే.

నా వీపు మీద మీ బావ. గుండె మీద నువ్వు.

ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ళు మొరాయిస్తాయి చూడు, అప్పుడు వెనకవాడు ముందువాడి వీపు చదివి గట్టిగా పిలవాలి. "అమ్మా, నువ్వు పడ్డది చాలు, హాయిగా నిద్రపో!" అని. మిగతావాళ్ళు అందుకుంటారు. చివర చెరువు కంచె దగ్గర ఆ వీపు మీది ముక్క పీకి తీగకి కట్టేసి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. అంతే. ఏడవాల్సింది అక్కడే ఏడ్చి రావాలి. నేను మీ బావని ఎన్నిసార్లు కట్టి వచ్చానో! మళ్ళీ కొత్త ముక్క మీద రాస్తూనే ఉంటాను. ఆ మనిషి పోయాక కూడా నాకు కుట్టుపని తప్పించలేదు.

ఫ్యాను పెంచనా? వద్దా? సరే.

పొద్దున ఇక్కణ్ణుంచి ఫోను వచ్చింది కదా, గడ్డ పరీక్ష రిపోర్టు ఇవాళే వస్తుందని, పాకిందో లేదో తేలిపోతుందని. ఫోను పెట్టేసి నేను గట్టిగానే ఉన్నాను. లోకంలో ఎవరికీ రాని కష్టమా? చేసే పని చేస్తూ పోవాలి, అంతే అనుకున్నాను. లైటు కూడా వెయ్యకుండా చేతికందిన టీషర్టు తొడుక్కుని, పైన ఈ స్వెటరు వేసుకుని బయల్దేరాను.

ఆ టీషర్టుకి ముందూ వెనకా తేడా తెలీదే. గుండ్రటి మెడ. లోపల లేబులు గుచ్చుకుంటోందని జట్టువాళ్ళు గొణిగితే అందరివీ నేనే కత్తిరించి పారేశాను. చూశావా నా తెలివి?

ఎత్తు మొదలయ్యే చోట ఉక్కపోసింది. స్వెటరు తీసి నడుముకి కట్టుకున్నాను. నా వెనక బస్సు డ్రైవరు. జట్టులో కొత్త. గొంతా అది? హారన్ లేకపోయినా బస్సు నడిచిపోతుంది. నేను ఆయాసపడుతున్నాను. ఆయన నా వీపు చదివాడు.

"చెల్లీ! నువ్వు పడ్డది చాలు! హాయిగా నిద్రపో!"

...

అట్లా చూడకన్నానా!

అవును. తిరగేసి తొడుక్కున్నాను. నువ్వు వీపు మీదికి వెళ్ళావు, మీ బావ వచ్చి బతికున్నవాళ్ళ చోట కూర్చున్నాడు. ఎప్పుడూ అంతే, మంచి కుర్చీ ఎక్కడుంటే అక్కడ చేరతాడు.

ఇదిగో, తీస్తున్నాను స్వెటరు. చూసుకో. "చెల్లి". నా చేతి రాతే. కంచె దగ్గర అందరూ ఆగారు. నేను ఆగలేదు. ఆ తీగకి నిన్ను కట్టనా? ఈ స్వెటరు కప్పేసుకుని అట్నుంచి అటే ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను. వంటాయన వెనకాల అరుస్తూనే ఉన్నాడు, "విజిలమ్మా, పరుగు అయిపోయింది, ఆగు!" అని.

శకునాలు నేను నమ్మనే. నీకు తెలుసు. పిల్లి ఎదురొస్తే పాపం దానికేం పని పడిందో అనుకునేదాన్ని. నోటిమాటకి మనుషులు పోతారా? పోరు. ఆ భయం కాదు నాది.

చెప్పనా? వద్దా? చెప్పాలి. అబద్ధం ఆడితే నాలుక కాలుస్తానని పిల్లల్ని బెదిరించి పెంచినదాన్ని.

ఆ డ్రైవరు పిలిచిన మొదటి పిలుపుకే నాకు తెలిసిపోయింది. ఏం జరిగిందో అర్థమైంది. విజిల్ అప్పటికే నోట్లో ఉంది. ఒక్క ఊపిరి చాలు, అందరూ ఆగిపోయేవాళ్ళు. చొక్కా తిప్పి తొడుక్కుంటే సరిపోయేది.

ఊదలేదే.

ఎందుకు ఊదలేదంటే... వాళ్ళందరూ కలిసి "చెల్లీ, హాయిగా నిద్రపో" అంటుంటే, ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అయిపోయింది అనిపించింది. ఇంక రిపోర్టు లేదు. ఇంక డాక్టరమ్మ మొహంలోకి చూడక్కర్లేదు. ఫోను మోగితే గుండె జారక్కర్లేదు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి హాయిగా బయటికి వచ్చింది. ఎత్తు కూడా తెలియలేదు, గాలిలో తేలినట్టు ఎక్కేశాను.

పైకి చేరాక తెలిసింది నేను ఏం అనుకున్నానో.

నా చేత్తో అన్నం పెట్టి పెంచిన పిల్ల పోయిందనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నానే! ఇంకొకరు ఇట్లా అని ఉంటే మొహం చూసేదాన్నా? గుమ్మం ఎక్కనిచ్చేదాన్నా? ఇప్పుడు నన్ను నేను ఏ గుమ్మంలోంచి తోసెయ్యను చెప్పు? చచ్చే భయంగా ఉందే. రిపోర్టంటే ఒక భయం. నేనంటే ఇంకో భయం. రిపోర్టు మంచిగా వస్తే నీ మొహం ఎట్లా చూడను? చెడుగా వస్తే నేనే పిలిచి తెచ్చినట్టు కాదా?

అటు తిరగకు. తిట్టాలంటే కళ్ళతోనే తిట్టు. కానీ ఇటు చూసి తిట్టు.

ఏంటి? తల ఎందుకు ఊపుతున్నావు?

అవునా? ఏది అవును?

నువ్వూనా?

ఇక్కడ పడుకుని నువ్వు కూడా... ఏదో ఒకటి అయిపోతే బాగుండునని అనుకున్నావా?

ఒసేయ్ పిచ్చిదానా. ఏడవకు, కుట్లు... సరే, ఏడువు. నేనూ ఏడుస్తాను. కంచె దగ్గర ఏడవాల్సింది ఇక్కడ ఏడుస్తున్నాను, నా కట్టడి మండిపోనీ.

ఉండు. వరండాలో చెప్పుల చప్పుడు. డాక్టరమ్మేనా? ఆవిడే. చేతిలో ఏదో కవరుంది. ఆ మొహం చూడు, గోడలాగా, ఏం చదవగలం అందులో?

నీ చెయ్యి ఇటివ్వవే. ధైర్యం చెప్పడానికి కాదు. నా దగ్గర ఉంటేగా చెప్పడానికి. గట్టిగా పట్టుకో, నేను లేచి పరిగెత్తకుండా.