నూట ఇరవై నాలుగు

“ఇంట్లో నూట ఇరవై నాలుగు, ఆస్పత్రిలో నూట డెబ్బై రెండు. అంటే మీది తెల్లకోటును చూస్తే పెరిగే రక్తపోటు బాబాయ్ గారూ. ఇంట్లో చూసుకున్నదే అసలు లెక్క అన్నారు డాక్టరు గారు. సోమవారం నుంచి మాత్ర సగం చేస్తారట.”

“సరే.”

అకితా కొండల్లో నవంబరు సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. కింద కుంపటి అమర్చిన బల్లకి ఇటు తత్సుజో, అటు ఊరి ఆరోగ్య నర్సు నరితా, మధ్యలో టీ కప్పులు, బీపీ మిషను, టౌను ఆఫీసు ఏటా ఏప్రిల్లో ఇంటింటికీ పంచే, రోజుకి పొద్దునకొకటి, సాయంత్రానికొకటి గళ్ళుండే నీలం అట్ట బీపీ పుస్తకం. డెబ్బై ఎనిమిదేళ్ళ తత్సుజో, భార్య పోయాక సంతోషించడం మానేశాడు, ఏడవడమూ మానేశాడు. మాత్ర తగ్గుతుందన్న కబురు కూడా పక్కింటివాళ్ళ సంగతి విన్నట్టే విన్నాడు.

“సరే అంటే సరిపోదు, కాస్త సంతోషించండి. ఈ ఊళ్ళో మాత్ర తగ్గినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు.”

“సంతోషమే. టీ తాగు నరితా.”

“తాగుతాను. మిసో చారులో ఉప్పు తగ్గించారా?”

“చారు పెట్టుకోవడం లేదు.”

“మరేం తింటున్నారు?”

“అన్నం. ముల్లంగి ఊరగాయ.”

“ఎన్ని ముక్కలు?”

“లెక్కపెట్టలేదు.”

“లెక్కలేనన్ని ఊరగాయ ముక్కలు తిని నూట ఇరవై నాలుగా? మిమ్మల్ని మ్యూజియంలో పెట్టాలి. పొద్దున లేవగానే, మాత్ర వేసుకోకముందే, రెండు నిమిషాలు కుదురుగా కూర్చునే చూసుకుంటున్నారు కదా?”

“కూర్చుంటున్నాను.”

“చూసుకుంటున్నారా అని.”

“కూర్చుని రాస్తున్నాను.”

“ఏదీ, చెయ్యి ఇవ్వండి. ఒకసారి నేనూ చూస్తాను.”

“ఇప్పుడు వద్దు. చన్నీళ్ళలో చేతులు పెట్టి వచ్చాను. ఎక్కువ చూపిస్తుంది.”

“అయితే కాసేపు ఆగుతాను. ఈలోగా పుస్తకం చూస్తా. మే... జూన్... పక్కన వివరాలు కూడా రాస్తున్నారే. ఇంత శ్రద్ధ ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ‘నిద్ర సరిగా పట్టలేదు.’ ‘మోకాలి నొప్పి.’ ‘జుట్టు రింగులు తిప్పించుకున్నాను.’ బాబాయ్ గారూ.”

“ఊఁ.”

“జూన్ పద్నాలుగున జుట్టు రింగులు తిప్పించుకున్నారా?”

“అలాగే రాసుంది కదా.”

“మీకు జుట్టేదీ?”

“లేదు.”

“‘నీలం స్వెటరు అల్లడం పూర్తయింది. ఆయన చూడనే లేదు.’ ఆయనెవరు?”

“నేను.”

“ఇది మియో పిన్ని పుస్తకమా? పొరపాటున ఇచ్చారా?”

“పుస్తకం నాదే. రాత కూడా నాదే. అంకెలు ఆవిడవి.”

“నాకర్థం కావడం లేదు.”

“ఆవిడ కిందటేడు పుస్తకం ఇంట్లో ఉంది. ఏ తేదీకి ఆ తేదీ చూసి దింపుతున్నాను.”

“ఏప్రిల్ నుంచీనా?”

“నువ్వే కదా అప్పుడు కోప్పడ్డావు. చలికాలమంతా ఖాళీ గళ్ళే, ఇలాగైతే ఎలా అని. గళ్ళు నిండాలన్నావు. నింపాను.”

“జుట్టు రింగులు కూడా దింపారా?”

“ఆవిడ రాసినదాంట్లో ఒక్క ముక్క తీసెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు.”

“నేను నెలనెలా వచ్చాను. అంకెలు చూసి, భేష్ అని సంతకం పెట్టి పోయాను. ఒక్కసారైనా పక్క గడి చదవలేదు.”

“నీకు పని ఎక్కువ.”

“నన్ను వెనకేసుకు రాకండి. సోమవారం మీ మాత్ర సగమైపోయేది. నూట డెబ్బై రెండు ఉన్న మనిషి మాత్ర తగ్గిస్తే ఏమవుతుందో తెలుసా మీకు?”

“తెలుసు. మా నాన్న పొలంలోనే పడిపోయాడు. మూడేళ్ళు మంచంలో ఉన్నాడు, మాట లేకుండా.”

“తెలిసీ సరే అన్నారా?”

“అన్నాను.”

“భయం వెయ్యలేదా?”

“వెయ్యాలని తెలుసు. వెయ్యడం లేదు. పన్ను పీకే ముందు సూది మందు ఇస్తారే, చిగురు మొద్దుబారిపోతుంది, అలా ఉంది నాకు. కోపం తెచ్చుకోకు.”

“మీ మీద కాదు కోపం. అసలెందుకిలా చేశారు? మిషను ఎదురుగానే ఉంది. పట్టీలో చెయ్యి దూర్చి మీట నొక్కడమే కదా.”

“పట్టీ ఆవిడే చుట్టేది. ముందు నాకు, తర్వాత తనకి. నాది చూసి, మళ్ళీ దొంగచాటుగా సోయా సాసు పోసుకున్నారు కదూ అని సణిగేది. తనది చూసుకుని గొప్పలు పోయేది. ఆవిడ పోయాక ఒకరోజు నేనే చుట్టుకున్నాను. నూట డెబ్బై ఆరు. సణిగేవాళ్ళు లేరు. విప్పి పక్కన పెట్టేశాను.”

“నాకు ఫోను చెయ్యాల్సింది.”

“చేసి ఏం చెప్పను? నువ్వే చెప్పు నరితా. నూట ఇరవై నాలుగు పోయింది. నూట డెబ్బై ఆరు ఇక్కడ కూర్చుని టీ తాగుతోంది. ఏ అంకెను నమ్మమంటావు?”

“పిన్నికి వచ్చింది గుండెపోటు. అది ఎవరికీ ముందు కనబడలేదు. మీది కనబడుతోంది బాబాయ్ గారూ. కళ్ళెదురుగా కనబడేదాన్ని ఎలా వదిలేస్తాం?”

“ఊఁ.”

“ఊఁ కాదు. ఇప్పుడే డాక్టరు గారికి ఫోను చేస్తాను. నా తప్పు కూడా చెబుతాను. మాత్ర తగ్గదు, పెరిగినా పెరగొచ్చు. ఊరగాయ రోజుకి రెండు ముక్కలు. ఇవాళ్టి నుంచి మీ అంకెలే రాయాలి. రెండొందలు వచ్చినా రెండొందలని రాయండి, నేనేమీ అనను. ఆ పిన్ని పుస్తకం నాకివ్వండి, జాగ్రత్తగా దాచిపెడతాను.”

“దాచక్కర్లేదు. అందులో ఇంక దింపుకోవడానికి ఏమీ మిగల్లేదు.”

“అదేమిటి? అవునులే, మొన్న ఆదివారమేగా సంవత్సరీకం అయింది. మరి ఈ నాలుగు రోజులూ ఏం రాశారు?”

“ఆదివారమైతే చుట్టాలకి సెలవని ముందుకి జరిపి చేశాం. ఆవిడ పోయిన రోజు ఇవాళ.”

“ఇవాళా?”

“ఆ పొద్దున కూడా చూసుకుంది. నూట ఇరవై రెండు. పక్కన, ముల్లంగి ఊరగాయ తొట్టి మీద బరువుకి రాయి పెట్టాలి అని రాసుకుంది. ఆ రాయి ఎత్తుతూనే పడిపోయింది. పొద్దున లేవగానే అదీ దింపేశాను.”

“బాబాయ్ గారూ, ఇంక చాలు.”

“సాయంత్రం గడిలో ఆవిడ ఏమీ రాయలేదమ్మా. మధ్యాహ్నం నుంచీ దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇదిగో చెయ్యి, పట్టీ చుట్టు.”