పాచికలు వెయ్యనన్నాడు లామా

చూశావా, మీ లామా గారి నిర్వాకం! పాచికలు వేసి జోస్యం చెప్పనంటాడయ్యా! నీకైతే బతికున్నన్నాళ్లూ అడిగినదానికీ అడగనిదానికీ వేశాడు. నేను నోరు తెరిచి ఒక్కసారి అడిగితే గుప్పిట మూసేశాడు.

ఇదిగో, ముందు పొగ తీసుకో, ఇప్పుడు నీ తిండి ఇదేగా. నిప్పుల మీద బార్లీ పిండి, వెన్న వేశాను. ఇవాళ కాస్త ఎక్కువే వేశాలే. నలభై తొమ్మిదో రోజు కదా, పోయినవాళ్ల గడువు ఇవాళ్టితో సరి. రేపటికి ఎక్కడో, ఎవరి కడుపునో పడతావు. ఎక్కడో చెప్పమన్నాను, తప్పా?

నవ్వకు. నీకంటే నయమే. జడల బర్రె కొనాలంటే పాచికలు, బార్లీ కొయ్యాలంటే పాచికలు. నన్ను చేసుకోవడానికి ఎన్నిసార్లు వేయించావు? మూడు! మొదటి రెండూ వద్దన్నాయట. మరి మూడోసారి ఎందుకు వేయించావయ్యా? ఆ ముక్క నలభై ఏళ్లలో ఒక్కనాడైనా చెప్పావా?

"ఎక్కడ పుడతాడో చెబితే ఏం చేస్తావమ్మా?" అన్నాడు లామా, నువ్వు పోయిన వారానికి వెళ్లి అడిగితే. వెళ్లి చూసొస్తానన్నాను. "అందుకే చెప్పను. తెలీకుండా కాసేపు కూర్చో" అన్నాడు.

కాసేపట! కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుంది. లేచి బయటికెళితే పక్కింటి స్పల్‌జెస్ వాళ్ల మేక ఈనింది. ఆ పిల్ల అచ్చం నీలాగే మెల్లకన్నేసుకుని చూస్తోంది. "సిగ్గులేదూ, పోయి పోయి పక్కింట్లోనా?" అని తిట్టాను కూడా. నువ్వు పోకముందే అది తల్లి కడుపులో ఉందని తర్వాత గుర్తొచ్చింది. స్పల్‌జెస్ ఇప్పటికీ నన్ను అదోలా చూస్తుంది.

మళ్లీ కూర్చున్నాను. రోజూ కూర్చున్నాను. 'నాకు తెలీదు' అనుకోవడం, అంతే. మొదట్లో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేకపోయేదాన్ని. తర్వాత్తర్వాత... ఏమో! పొయ్యి దగ్గర పిల్లిలా ఆ తెలీకపోవడం కూడా ఇంట్లో ఓ మూల పడుకుంది. తరమాలనిపించలేదు.

సరే, అసలు సంగతి. కోప్పడకు.

ఏడవకు, పేరు పెట్టి పిలవకు, వింటే వెనక్కి తిరిగి దారి తప్పుతాడు అన్నారు కదా? నలభై ఎనిమిది రోజులు పళ్ల బిగువున ఊరుకున్నాను. ఇవాళ పొద్దున వెన్న టీ చిలుకుదామని పోస్తుంటే చిలికే చెక్క గొట్టం ఒరిగింది. రోజూ నువ్వే కదా పట్టుకునేది. "స్కర్మా, పట్టుకో!" అనేశాను.

చెయ్యి కాలింది. దానిదేముంది! నీ దారి చెడగొట్టానేమోనని నా భయం. లామా కాళ్లు పట్టుకునైనా ఈసారి పాచికలు వేయిద్దామని బూట్లు తొడుక్కున్నాను. గుమ్మం దాకా వెళ్లాను.

అక్కడే ఆగాను. బూట్లు విప్పేశాను. వచ్చి కూర్చున్నాను. వెనక్కి తిరిగావో లేదో నాకు తెలీదు. అడగను కూడా.

నోరు జారిందని లామాతో అంటాలే. నీ దగ్గర దాపరికమేంటి? గొట్టం ఒరిగినప్పుడు కాదయ్యా పిలిచింది. కింద పడ్డ టీ అంతా తుడిచి, గొట్టాన్ని గోడకి ఆనించి, అప్పుడు పిలిచాను. మెల్లగా. ఒక్కసారే.

ఎందుకని అడక్కు. మూడోసారి పాచికలెందుకు వేయించావో నువ్వు మాత్రం చెప్పావా? చెల్లుకు చెల్లు. పొగ అయిపోవచ్చింది, ఇక బయల్దేరు.