సులువు నొక్కిందెవరు

మెట్ల కింద ఇరుకు గదిలో పాత కంప్యూటర్ ముందు ఆవిడ. టిఫిన్ డబ్బా చేతపట్టుకుని అద్దకం ఫ్యాక్టరీకి బయల్దేరినవాడల్లా, గుమ్మంలో ఆవిడ మాటకి చిక్కుకుపోయి, ఆవిడ భర్త.

"కదలకండి. ఆ ఒక్కటీ చెప్పి వెళ్లండి."

"బస్సు పోతుందే."

"పోతే ఇంకోటి వస్తుంది. సోడియం సల్ఫైట్ ఏమైంది?"

"ఏమైంది?"

"నేనూ అదే అడుగుతున్నా. ఏమైంది?"

"నన్నడుగుతావేంటి? నీ కంప్యూటరు, నీ కార్డులు, నీ చదువు."

"నా కార్డులే. నిన్న ఉన్నాయి, ఇవాళ లేవు. ఇటు రండి. ఫోనులాగా చిన్న కిటికీ తెరుచుకుంది చూడండి."

"ఫోన్లో ఉండాల్సిన యాప్‌ని కంప్యూటర్లోకి ఎందుకు ఎక్కించావు? అక్కడే వచ్చింది చిక్కు."

"ఫోన్లో ఫార్ములా కింద అంకెలు చీమ తలకాయంత ఉన్నాయి. రెండో మూడో తెలియక చస్తున్నాను. మీరు మాట మార్చకండి."

"ఎక్కడ మార్చాను?"

"కార్డు మీద ఫార్ములా వస్తుంది. పేరు మనసులో అనుకుని తిప్పి చూసుకోవాలి. రాకపోతే 'మళ్ళీ' నొక్కాలి, కాసేపటికి అదే కార్డు మళ్ళీ వస్తుంది. బాగా వస్తే 'సులువు' నొక్కాలి. ఒకసారి 'సులువు' నొక్కామా, నెల దాకా ఆ కార్డు మొహం చూపించదు."

"మంచిదేగా."

"ఏం మంచిది? నాకు ఒక్కసారి కూడా సరిగ్గా రాని కార్డులన్నీ 'సులువు' అయిపోయి కూర్చున్నాయి. సల్ఫైటు, నైట్రైటు, క్లోరైటు, అన్నీ. పరీక్షేమో ఈ ఆదివారం. అవి కనబడేది వచ్చే నెల."

"నిద్రమత్తులో నువ్వే నొక్కి ఉంటావు."

"నిద్రమత్తులో కాఫీలో ఉప్పు వేస్తానేమో గానీ, రానిది వచ్చిందని మాత్రం నొక్కను."

"మొన్న కరెంటు పోయి వచ్చింది కదా. అప్పుడేదో తిరగబడి ఉంటుంది."

"కరెంటు పోయి వస్తే నాకు కెమిస్ట్రీ వచ్చేస్తుందా?"

"అది కాదు, వైరస్సులూ అవీ ఉంటాయంటారుగా."

"ఉంటాయి. ఒకటి టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది."

"పొద్దున్నే మొదలుపెట్టావా? పిల్లనడగొచ్చుగా ముందు."

"అడిగాను. అడగడం కూడా కాదు, నిన్న దాన్ని పట్టుకుని కేకలేశాను. ఏడ్చుకుంటూ బడికి పోయింది. ఇవాళ అది దుప్పట్లోంచి తల బయటపెట్టకముందే ఇంకో ఐదు మాయం. నేను పాలకి వెళ్లి వచ్చేలోపు."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. నేను పాలకి వెళ్లినప్పుడు ఇంట్లో మెలకువగా ఉన్నదెవరా అని."

"నేను గడ్డం గీసుకుంటున్నాను."

"గడ్డం అలాగే ఉంది. నేను వచ్చి కూర్చుంటే కుర్చీ వెచ్చగా ఉంది."

"సరే. నేనే నొక్కాను. చాలా?"

"ఎందుకు?"

"ఆ మూల ఎర్ర అంకె ఉంటుంది చూడు."

"ఇంకా ఎన్ని కార్డులు మిగిలాయో చెప్పేది."

"అదే. దాన్ని చూసి రోజూ దిగులుపడుతున్నావు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. సున్నా చేసి పెడితే నీ మనసు తేలికపడుతుందని."

"నా కోసం."

"నీ కోసమే. ఇంకెవరి కోసం?"

"పిచ్చి మనిషి. నన్నొక్క మాట అడిగితే సరిపోయేదిగా. నేనిక్కడ లేనిపోనివన్నీ ఊహించుకుని, అనవసరంగా పిల్లని ఏడిపించి..."

"పొరపాటైపోయింది. సాయంత్రం దానికేదైనా కొనుక్కొస్తాలే. వెళ్లొస్తా మరి."

"వెళ్లిరండి. ఆగండాగండి."

"మళ్ళీ ఏంటి?"

"ఈ పక్కన చూడండి. ఒక్కో కార్డు ముందు ఎంతసేపు కూర్చున్నామో కూడా ఇది రాసిపెడుతుంది."

"అదీ రాస్తుందా?"

"భయపడ్డారేం?"

"భయం కాదు. ఇంత కనిపెడుతుందా అని."

"సున్నా చేద్దామనుకున్నవాళ్లు టకటకా నొక్కుకుంటూ పోతారు. మీరు సల్ఫైట్ కార్డు ముందు పాలు కాగి పొంగేంత సేపు కూర్చున్నారు. మూడుసార్లు 'మళ్ళీ' నొక్కారు. 'సులువు' ఆ తర్వాత."

"చెయ్యి తగిలుంటుంది."

"మూడుసార్లా?"

"పోనీ చదివాననుకో. చదవడం తప్పా?"

"తప్పని ఎవరన్నారు? వీధంతా కెమిస్టు గారూ, కెమిస్టు గారూ అని పిలిచే మనిషి, కాలేజీ మధ్యలో మానేసిన పెళ్లాం కార్డులు దొంగచాటుగా ఎందుకు చదువుతాడా అని."

"రివిజన్."

"రివిజన్ నేను లేనప్పుడే చెయ్యాలా? నాకేదైనా అనుమానం వచ్చి అడిగితే 'పుస్తకంలో చూసుకో' అంటారు. మొన్న పేరు చివర వచ్చే ఐట్‌కీ ఏట్‌కీ తేడా ఏంటని అడిగితే కంచం తోసేసి లేచారు."

"తలనొప్పిగా ఉండింది."

"ఇప్పుడు లేదుగా. చెప్పండి. ఆక్సిజన్ ఎక్కువుంటే ఏది?"

"బస్సుకి టైమైందంటే..."

"చెప్పండి."

"ఐట్. కాదు, ఏట్. ఐట్."

"ఏట్."

"అదే అన్నా."

"రెండూ అన్నారు."

"నన్ను బోనెక్కించావు గానీ, నువ్వసలు ఏ కంపెనీకి రాస్తున్నావు? ఎన్నాళ్ల నుంచి అడుగుతున్నాను?"

"పాసైతే చెబుతానన్నాగా."

"దాచేది నేనొక్కడినే కాదన్నమాట."

"నా సంగతి తర్వాత. రాని కార్డుకి 'సులువు' ఎందుకు నొక్కారు?"

"చెబితే నవ్వుతావు."

"నవ్వే మొహమా ఇది?"

"రాలేదు. 'మళ్ళీ' అంటే మళ్ళీ అదే వస్తుంది. ఎన్నిసార్లు పంపించినా బెత్తం పట్టుకున్న మేష్టారులా వచ్చి ఎదురుగా నిలబడుతుంది. 'సులువు' నొక్కితే పోతుంది. పోతే ప్రాణం హాయిగా ఉంటుంది. అంతే."

"పోయేది కార్డే కదా."

"తెలుసు."

"ఇన్నేళ్లూ ల్యాబులో ఇలాగే నెట్టుకొచ్చారా?"

"ల్యాబులో నాకు పేర్లతో పనే పడలేదు. కాస్టిక్ అంటే నీలం డ్రమ్ము. బ్లీచింగ్ అంటే పసుపుది. యాసిడ్‌కి ఎర్ర మూత. ఏ బట్టకి ఎంత పొయ్యాలో కళ్లు మూసుకుని చెబుతాను. పాత కెమిస్టు నాకదే నేర్పి వెళ్లాడు, నాకదే చాలింది."

"ఇప్పుడు చాలట్లేదా?"

"సరుకు వేరే చోట నుంచి వస్తోంది. అన్నీ తెల్ల డ్రమ్ములే. పైన ఒక ఫార్ములా, ఒక పేరు. కాస్టిక్ అని ఉండదు, సోడియం హైడ్రాక్సైడ్ అని ఉంటుంది."

"అది మీకు వచ్చుగా."

"అదొచ్చు. మిగతావే..."

"ఆ మధ్యొక రోజు దగ్గుతూ వచ్చారు. చలిగాలి అన్నారు."

"చలిగాలి కాదు."

"మరి?"

"బ్లీచింగ్ తొట్టిలో యాసిడ్ పోశాను. పచ్చటి పొగ లేచింది. తొట్టి దగ్గర బట్టలు ముంచుతున్న ఆడవాళ్లిద్దరు బయటికి పరిగెత్తారు."

"వాళ్ల కళ్లు నయమయ్యాయా?"

"కళ్లని నేను చెప్పలేదే."

"పొగంటే ముందు కళ్లే కదా మండేది."

"అంతేలే. తగ్గింది. పనిలోకి వస్తున్నారు. నాతో మాట్లాడరు. నేను ఆ పక్కకి వెళితే లేచి దూరంగా పోతారు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజు తలుపులు మూసి ఉంటే..."

"కూర్చోండి. బస్సు సంగతి వదిలెయ్యండి. ఆ డబ్బా ఇటివ్వండి."

"మేనేజరు పరీక్ష పెట్టాడు. ఆ డ్రమ్ముల మీది ఫార్ములాలకి పేర్లు రాయాలి. నాకూ ఈ ఆదివారమే. నీకూ అదే రోజు పడింది, చూడు మన ఖర్మ."

"నెగ్గితే?"

"నా చోట నేనుంటాను."

"లేకపోతే?"

"మూటలు మోసే పనికి. వద్దనుకుంటే ఇంటికి. నా చోటులోకి బయటి మనిషిని తీసుకుంటారట. అప్పుడే ఎవరో దరఖాస్తు కూడా పెట్టారు. ఒక్కరే. పేరు అడిగితే మేనేజరు చెప్పడు."

"చెప్పకపోవడమే మంచిదిలెండి."

"ఏం మంచిది? ఎవడో గానీ, నా నోటి దగ్గర కూడు లాక్కోవడానికే పుట్టాడు."

"అలా అనకండి."

"నీకెందుకు అంత నొప్పి?"

"ఎవరు ఏ బాధలో ఉండి రాస్తున్నారో మనకేం తెలుసు?"

"వాళ్ల బాధ వాళ్లది. నాదెవరు చూస్తారు? రేపు నేను మూట ఎత్తుకుని వెళుతుంటే ఆ ఆడవాళ్లే చూస్తారు. మన పిల్ల బళ్లో మా నాన్న కెమిస్టని చెప్పుకుంటుంది. దానికేం చెప్పను?"

"దానికి నేను చెబుతాను."

"నువ్వు చెప్పడం కాదు, నాకో సాయం చెయ్యి. ఇన్ని దాచినందుకు తిట్టు, తర్వాత ఎంతైనా తిట్టు. ఆదివారం దాకా ఈ కార్డులు నాకు వదిలెయ్. నా పక్కన కూర్చుని నేర్పు. నీ పరీక్ష వచ్చే ఏడైనా రాసుకోవచ్చు. నువ్వు నేర్పితే నెగ్గుతాను. ఏంటలా చూస్తావు?"

"సోడియం సల్ఫైట్. చెప్పండి, సోడియం తర్వాత ఏమొస్తుంది?"

"ఎస్. ఓ. నాలుగు."

"మూడు. నాలుగైతే సల్ఫేట్."

"మూడు. సరే, మూడు. ఇంకా రోజులున్నాయిగా, వచ్చేస్తుంది."

"ఆ తొట్టి దగ్గర నిలబడేవాళ్లకి 'వచ్చేస్తుంది' అంటే సరిపోతుందా?"

"నువ్వు కూడా వాళ్లలాగే మాట్లాడకు. నాకున్నది నువ్వొక్కదానివే. ఈ ఒక్క పరీక్ష మానుకోమన్నాను, అంతేగా? అంత మానుకోలేని కంపెనీ ఏంటది? ఇప్పుడైనా చెప్పు."

"మీ కంపెనీయే. ఆ దరఖాస్తు నాది. ఆ పొగ లేచిన మర్నాడు మీ మేనేజరు గారు ఫోన్ చేసి, పరీక్ష పెడితే ఆయన నెగ్గుతారా అమ్మా అని అడిగితే, నెగ్గరని చెప్పింది కూడా నేనే."