స్టీఫెన్ గారికి మేము వేసిన కుర్చీ

సభాధ్యక్షులు, మన కార్యాలయాధిపతి, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు కేశవరావు గారికి. పలివెల నుంచి విచ్చేసి మొదటి వరుసలో కూర్చున్న మార్తమ్మ గారికి, వారి అమ్మాయి షైనీకి. ముప్ఫై ఆరేళ్ళు ఈ కాలువల కార్యాలయంలో అటెండరుగా పనిచేసి నేటి సాయంత్రం అయిదు గంటలకు పదవీ విరమణ పొందుతున్న శ్రీ స్టీఫెన్ గారికి. పైకి ఉద్యోగంలో ఉంటూ లోలోపల ఎప్పుడో విరమించిన నా సహోద్యోగ మిత్రులందరికీ నమస్కారాలు. (నవ్వులు)

సూపరింటెండెంటు వెంకటకృష్ణ అనే నేను ఇప్పుడు 'ప్రశంస' చేస్తానని కార్యక్రమ పత్రంలో అచ్చయింది. ఆ మాట రాసింది నేనే. తప్పు రాశాను. ఇంతకుముందు కూడా ఒక వాక్యం తప్పు రాశాను. ఆ సంగతి చెప్పడానికే లేచాను.

రెండేళ్ళ కిందట మన వరండాలో వైద్య శిబిరం జరిగిన విషయం సభవారికి విదితమే. ఇరవై మూడు మంది సిబ్బందిలో ఇరవై రెండు మందికి రక్తపోటో, షుగరో, లేదా సమన్యాయం పాటించి రెండూనో ఉన్నట్టు తేలింది. మన కార్యాలయం ఏ లక్ష్యాన్నయినా ఇంత సంపూర్ణంగా సాధించిన దాఖలా అంతకుముందు లేదు. (నవ్వులు) కేశవరావు గారూ, మీ అంకె నేను చెప్పను, నిశ్చింతగా ఉండండి. మిగిలిన ఆ ఒక్కరు అరవై ఏళ్ళ స్టీఫెన్ గారు. డాక్టరమ్మ తన యంత్రాన్ని అనుమానించి, ఆయన వేలు రెండోసారి గుచ్చి చూసింది.

"ఏం ఎక్సర్‌సైజు చేస్తారండీ మీరు?"

"ఏమీ లేదండీ. వీళ్ళు బెల్లు కొడతారండీ, నేను వెళ్తానండీ."

"రోజుకి ఎన్నిసార్లు కొడతారు?"

"ఆయ్, అది కొట్టినోళ్ళని అడగాలండీ. నేను లెక్కెట్టలేదు."

ఆవిడ మా వైపు తిరిగి, "మీరందరూ ఈయన చేసేదే చేయండి, సగం మందులు మానేయొచ్చు" అంది.

మనది ప్రభుత్వ కార్యాలయం. ఎవరైనా ఏదైనా చెప్తే ముందు అది ఎందుకు కుదరదో రాతపూర్వకంగా తీసుకుంటాం. 'ఉదయపు నడకకు గల అవరోధాలు' అనే శీర్షికతో సిబ్బంది అందరి నుంచీ వివరణ కోరాను. సీనియర్ అసిస్టెంటు జ్యోతిర్మయి గారు ఉదయం రెండు క్యారేజీలు కట్టి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి, అమలాపురం నుంచి తాను ఇంకో బస్సు ఎక్కి వస్తారు. సాయంత్రం అదే వరస తిరగేసి నడుస్తుంది. "నాకు ఖాళీ ఉండేది బస్సులోనేనండీ. బస్సులో ఎలా నడవమంటారు?" అని ఆవిడ రాసిచ్చారు. నా అవరోధం కుక్కలు. కాలువ గట్టు మన శాఖది, గట్టు మీది కుక్కలు పంచాయతీవి, కనుక చర్య తీసుకునే అధికారం మనకు లేదు. (నవ్వులు)

ఈ వివరణలన్నీ పరిశీలించి నేనొక ఉత్తర్వు ముసాయిదా రాశాను. ఉద్యోగానికి ముందూ వెనకా ఇమడని వ్యాయామాన్ని ఉద్యోగంలోనే ఇమడ్చాలి. ఎవరి ఫైలు వారే మోసుకోవాలి. ఎవరి మంచినీళ్ళు వారే తెచ్చుకోవాలి. బల్లల మీది బెల్లులన్నీ తీసి బీరువాలో పెట్టాలి. కేశవరావు గారి గది ముందు, ఇప్పుడు మనం కూర్చున్న ఈ చోటు నుంచి రికార్డు గదికి ఎనభై ఎనిమిది అడుగులు. ఏడాదిలో నేను ఏడు కిలోలు తగ్గాను. జ్యోతిర్మయి గారికి ఒక మాత్ర తగ్గింది. ఉత్తర్వు పుట్టిన తర్వాత అమలు కూడా అయిన అరుదైన సందర్భం అది, చప్పట్లు కొట్టాలనుకునేవారు ఇప్పుడే కొట్టవచ్చు. (చప్పట్లు) చాలు. ఇకముందు వాటి అవసరం ఉండదు.

బెల్లు లేకపోయాక స్టీఫెన్ గారు ఏం చేయాలన్నది ఉత్తర్వులో లేదు. మేమే ప్రేమతో పూరించాం. రికార్డు గది గుమ్మం పక్కన, ఫ్యాను కింద, కొత్త కేను కుర్చీ వేసి, దాని మీద దిండు వేసి, "ఇన్నేళ్ళు మీరు తిరిగేరు బాబాయ్ గారూ, ఇంక కూర్చోండి" అని జ్యోతిర్మయి గారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఫొటో తీసుకున్నాం. అది ఇప్పటికీ నోటీసు బోర్డు మీద ఉంది. వెళ్ళేటప్పుడు చూడండి, అందులో నవ్వుతున్నది మేమే.

ఎవరి చేతిలో ఫైలు కనబడినా ఆయన లేచి చెయ్యి చాచేవారు. "వద్దొద్దు స్టీఫెన్ గారూ, ఇది నా వాకింగండీ" అని మేం ఫైలు వెనక్కి లాక్కునేవాళ్ళం. ఒకనాడు నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, ఒక్క ఫైలు ఇవ్వండి సార్, ఊరికే కూచుంటే కాళ్ళు లాగేత్తున్నాయండీ" అన్నారు. "మీకిది విశ్రాంతి, అనుభవించండి" అన్నాను. ఆ మాట అన్నప్పటి నా గొంతు నాకింకా గుర్తుంది. చాలా ఉదారమైన గొంతు.



మిత్రులారా, అదే వరండా, అవే ఫైళ్ళు, అదే దూరం. ఆయన నడిచినంతకాలం అది నాలుగో తరగతి ఉద్యోగి విధి. నేను నడవడం మొదలుపెట్టగానే దానికి ఆరోగ్య స్పృహ అని పేరు వచ్చింది. మా తాతల పొలాల్లో వారి తాతలు గట్టు వెంట ఎన్ని మైళ్ళు నడిచారో ఎవరూ రాసిపెట్టలేదు. నేను మాత్రం నా అడుగులు లెక్కపెట్టే గడియారం కొనుక్కుని చేతికి కట్టుకున్నాను. ఇదిగో, ఇప్పటికీ ఉంది.

కిందటి ఏడాది పైనుంచి తనిఖీ అధికారులు వచ్చారు. కుర్చీలో కూర్చున్న మనిషిని చూపించి, "ఈయన ఏం పని చేస్తారు?" అని అడిగారు. సమాధానం రాతలో కావాలన్నారు. రాసింది నేను. 'సదరు ఉద్యోగికి ప్రస్తుతం విధులేవీ లేవు.' చక్కటి వాక్యం. ఎక్కడా కొట్టివేత లేదు. దాని ఆధారంగా, స్టీఫెన్ గారు విరమించిన మర్నాటి నుంచి ఆ పోస్టు రద్దని ఉత్తర్వు వచ్చింది. నా వాక్యాన్ని యథాతథంగా ఆయన సర్వీసు రిజిస్టరులో ఎక్కించమని కూడా వచ్చింది. ఎక్కించాను. నమోదు చదివినట్టు ఉద్యోగి సంతకం చేయాలి. ఆయన నిలబడే చదివేరు, రెండుసార్లు చదివేరు. "సంతకం ఎక్కడండీ?" అన్నారు. అంతే. ఆ రోజు అయిదింటి దాకా కుర్చీ పక్కన నిలబడే ఉన్నారు, కూర్చోలేదు.

మర్నాడు స్టీఫెన్ గారి భార్య మార్తమ్మ గారు వచ్చేరు. ముప్ఫై ఆరేళ్ళలో ఆవిడ ఈ మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆవిడ అన్న మాటలు దాచుకోవడం నాకు ఇష్టం లేదు కనుక సభాముఖంగా చెబుతున్నాను.

"ఏవండీ సూపరింటెండెంటు గారూ, మీ పొట్టలు తగ్గించుకోడానికి మా ఆయన పని లాక్కున్నారు, బానే ఉంది. లాక్కుని, ఈయనకి పనే లేదని పుస్తకంలో రాసేరు. అదెక్కడి చదువండీ? ఆ పుస్తకం నకలు మా ఇంటికిత్తారంట కదా. రేపు మనవలు తీసి చూత్తే, తాత గవర్నమెంటోళ్ళ కుర్చీలో ఊరికే కూచున్నాడనుకోరా?"

నేను నిబంధన ఏదో చెప్పబోయాను. ఆవిడ నా చేతి గడియారం వంక చూసి, "అందులో ఆయన అడుగులు ఎన్నున్నాయండీ?" అని వెళ్ళిపోయేరు.



ఆ తర్వాతి నెల అదే డాక్టరమ్మ మళ్ళీ శిబిరం పెట్టింది. పద్నాలుగు మందికి షుగరు తగ్గింది. కొత్తగా ఒకరికి వచ్చింది. ఆ ఒకరి పేరు నేను చదవనక్కరలేదు.

రిజిస్టరులో ఒకసారి ఎక్కిన మాటను రాసినవాడు కొట్టెయ్యడానికి వీల్లేదు. ఆరు ఉత్తరాలు రాశాను. దయ చూపమని ఒక్కదాంట్లోనూ అడగలేదు. దయ వల్లనే ఇంత జరిగింది గనుక. వాస్తవ దోషం ఉందని రాశాను. ఆయనకు విధులు లేకపోవడం కాదు, ఆయన ఒక్కరి విధులను మేం ఇరవై రెండు మంది పంచుకున్నాం, పంచుకుని కూడా పూర్తి చేయలేకపోయాం అని. రుజువుగా జ్యోతిర్మయి గారి వాంగ్మూలం జతచేశాను: మా వ్యాయామ కాలంలో పదకొండు ఫైళ్ళు కనబడకుండా పోయాయి. పదకొండూ కుర్చీలో కూర్చున్న మనిషిని అడిగితేనే దొరికాయి. కాలువల్లో గుర్రపుడెక్క తొలగింపు ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఆయన కళ్ళు మూసుకుని చెప్పేరు.

మొన్న జవాబు వచ్చింది. పోస్టు రద్దు మాత్రం రద్దు కాదు. అక్కడ నేను ఓడిపోయాను, రేపటి నుంచి ఆ గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. వాక్యం కొట్టివేతకు అనుమతి ఇచ్చారు. దాని స్థానంలో ఎక్కించే వాక్యం కూడా నేనే రాశాను, ఈసారి రాసేముందు ఆయనకు చదివి వినిపించాను. 'ఈ కార్యాలయం ముప్ఫై ఆరేళ్ళు ఈయన కాళ్ళ మీద నడిచింది.' "కొంచెం ఎక్కువైందండీ," అన్నారు. "ఉంచెయ్యండి నాన్నా" అని షైనీ అంది. ఉంచాం.

ఆ పేజీ మీద కేశవరావు గారి సంతకం ఇంకా పడలేదు, రిజిస్టరు ఉన్న ఫైలు రికార్డు గదిలోనే ఉంది. ఆలస్యం నాదే, తెలిసి చేసినదే. సన్మానంలో ఏం కావాలని నిన్న అడిగితే స్టీఫెన్ గారు, "శాలువా మీ ఇష్టం సార్. ఆ ఫైలు మాత్రం నేనే తెత్తానండీ" అన్నారు. ఇది మనం ఆయనకిస్తున్న గౌరవమో, చివరి రోజున కూడా ఆయనకు పని చెప్పడమో తేల్చే అర్హత నాకు లేదు. ఆయన అడిగారు. ఇంతకుముందు అడిగినప్పుడు నేను ఇవ్వలేదు.

ఓపికగా విన్న అధ్యక్షుల వారికి, సభ్యులకు, ముఖ్యంగా నా మొహం మీద నిజం చెప్పిన మార్తమ్మ గారికి కృతజ్ఞతలు. రికార్డు గది తలుపు తీసే ఉంది. మూడో బీరువా, పై అర. వెళ్ళడానికి ఎనభై ఎనిమిది అడుగులు, రావడానికి ఎనభై ఎనిమిది. ఆయన తిరిగి వచ్చేదాకా సభవారు దయచేసి లేచి నిలబడండి. ఎవరూ ఎదురు వెళ్ళవద్దు, ఆయన చేతిలోంచి ఎవరూ ఏమీ అందుకోవద్దు.

స్టీఫెన్ గారూ, ఆ ఫైలు తెచ్చిపెడతారా అండీ?

సెలవు.