చట్టబద్ధమైన కోళ్ళు

హలో… ఆ, నేనే. ఆర్డిస్‌ని. పెట్టెయ్యకు, వెర్లిన్! ఒక్క మాట విను, ఆ తర్వాత నీ ఇష్టం.

… లేదు, ఇంటికి రాను. వస్తే నువ్వు తలుపు తియ్యవని తెలుసు. అందుకే ఫోన్ చేశా.

… ఏం, పక్కింటికి ఫోన్ చెయ్యకూడదని కూడా రూలు పెట్టారా? … పెట్టే ఉంటారులే, ఈ ఊళ్ళో.

… పని ఉండే చేశాను, వెర్లిన్ గారూ.

… అబ్బో, 'గారూ' అంటే గుచ్చుకుందా? మరి మంచు కరిగి గడ్డి మొలిచినా నాతో మాట్లాడని మనిషిని ఏమని పిలవను?

… సరే, సరే. చెప్తున్నా. రేపు పొద్దున డ్వెయిన్ వస్తున్నాడు. … ఆ, సిటీ హాల్లో తనిఖీలు చేసే మన డ్వెయినే. నా కోళ్ళని పట్టుకుపోతాడట.

… నవ్వు. కడుపారా నవ్వు. నేను ఆగుతా.

… అయిందా?

… ఇప్పుడు కోళ్ళు చట్టబద్ధమే కదా అంటావా? అదే కదా నా ఏడుపు! ఇన్నేళ్ళూ దొంగచాటుగా పెంచాను. ఊళ్ళో కోళ్ళు పెంచితే నేరం. ఒక్కడైనా కన్నెత్తి చూశాడా? శనివారం శనివారం వచ్చి అట్టపెట్టె నిండా గుడ్లు పట్టుకెళ్ళింది ఎవరు? ఈ డ్వెయినే! 'ఇవేం పిట్టలు ఆర్డిస్, కొత్త రకం పావురాలా?' అని కన్ను కొట్టి మరీ పట్టుకెళ్ళేవాడు. ఇప్పుడు చట్టం వచ్చింది, ఊళ్ళో అందరూ కోళ్ళు పెంచుకోవచ్చని. అంతే, నావి చట్టవిరుద్ధం అయిపోయాయి.

… ఆ చట్టం కోసం పోరాడింది నేనే. కాదన్నానా?

… ఆ, వాకిట్లో బోర్డు పెట్టింది కూడా నేనే. 'పెట్టలకూ హక్కులున్నాయి' అని. … చొక్కా మీద కూడా వేయించుకున్నా, అవును. … పేపర్లో ఫొటో, నా పెద్ద పెట్ట గ్లాడిస్‌ని చంకలో పెట్టుకుని. అన్నీ గుర్తున్నాయి నీకు, మహానుభావా.

… రూల్సా? చదవలేదా నువ్వు? అదృష్టవంతుడివి. కోడిగూడు ఏ ఇంటి గోడకైనా ఇరవై అయిదు అడుగుల దూరం ఉండాలట. … నా ఇంటికి కూడా! నా కోళ్ళ మీద నేనే ఫిర్యాదు చేస్తానేమోనని ముందుజాగ్రత్త. ఇంటి ముందు పెట్టకూడదు. రోడ్డుకి కనబడకూడదు. గూటికి, ఇంటికి ఏ రంగుంటే ఆ రంగే వెయ్యాలి. నా ఇంటి రంగు నీకు తెలుసుగా. పెచ్చులూడిన రంగు ఏ కొట్లో అమ్ముతారు?

… పెరట్లో చోటుందిగా అంటావా? ఉండేది. అటు పక్కింటి కెండ్రా వాళ్ళు అద్దాల గది కట్టకముందు. … ఎండ కాచుకునే గది. అదీ ఇంటి కిందే లెక్కట, నా కంచె దాకా వచ్చేసింది.

… అవును, ఆ కెండ్రానే. 'ఇలా దాక్కుని బతకడం అవమానం కదూ ఆర్డిస్, హక్కు కోసం లేచి నిలబడు' అని నన్ను ఎగదోసిన కెండ్రానే. … అడిగాను, అడక్కేం? 'సూత్రప్రాయంగా మేమెప్పుడూ కోళ్ళ పక్షమే' అంది. సూత్రప్రాయంగా! నా గ్లాడిస్ సూత్రప్రాయంగా రెట్ట వేస్తుందా? … ఆ, వాసనే. అద్దాల్లోంచి వాసన వస్తోందట మహారాణికి.

… కాదు, ఆవిణ్ణి తిట్టడానికి నీకు ఫోన్ చెయ్యలేదు. వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా.

నిన్న డ్వెయినూ నేనూ టేపు పట్టుకుని పెరడంతా కొలిచాం. ఇటు కొలిస్తే నా వంటిల్లు అడ్డం. అటు కొలిస్తే కెండ్రా గది. వెనక కొలిస్తే వెనక వీధి వాళ్ళ గరాజు. … ఆ, గరాజూ ఇల్లేనట, ఇంటికి అతుక్కుని ఉంటే. చివరికి డ్వెయిన్ ఒక చోట నిలబడి, 'ఆర్డిస్, చట్టానికి సరిపోయే చోటు ఇదొక్కటే' అన్నాడు. అని, ఖాళీ అట్టపెట్టె చేతికిచ్చాడు. శనివారం కదా.

… ఏ చోటా? … చెప్తాను. కోప్పడకు.

నీ రూబార్బ్ మొక్కల మడి పక్కన.

… హలో?

… ఉన్నావా?

… కంచె దాటి వెళ్ళాడు, నువ్వు చేపలకి పోయినప్పుడు. మడి తొక్కలేదు, నేను చూస్తూనే ఉన్నా. … అవును వెర్లిన్, నీ పెరట్లోనే. కోళ్ళు వద్దని కౌన్సిల్ మీటింగులో లేచి మాట్లాడిన ఒకే ఒక్క మనిషి పెరట్లో. నాకు మాత్రం సిగ్గు లేదనుకున్నావా?

… ఏంటీ? … వద్దనలేదా?

… నాకు గుర్తులేకపోవడమేంటి! మైకు ముందు నిలబడి, టోపీ చేత్తో నలుపుతూ, 'ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి' అన్నావు. … ఆ మాటే. అంటే వద్దనేగా—

…

ఉండు. మళ్ళీ చెప్పు.

… 'అడిగితే రూలు పెడతారు, పెడితే కొలుస్తారు, కొలిస్తే ఆర్డిస్‌కి కోళ్ళుండవు'… ఇదా నువ్వు చెప్పబోయింది?

… మరి చెప్పలేదేం, మనిషీ?

… నేను చెప్పనివ్వలేదు. ఆ.

… అరిచాను. అవును. … ఆ మాట ఎత్తకు. … సరే, అన్నాను. 'భార్య ఇర్మా పోయాక ఈయనకి పక్కన ప్రాణమున్నదేదీ గిట్టదు' అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. నేను ఇంకాస్త గట్టిగా అన్నాను.

…

మర్నాడు నువ్వు మంచు ఊడ్చుకుంటూ వచ్చి సరిగ్గా మన సరిహద్దు దగ్గర ఆపేశావు. గీత గీసినట్టు! నీ వైపు నల్లటి నేల, నా వైపు మోకాలెత్తు మంచు. ఇన్నేళ్ళూ నా వాకిలి కూడా నువ్వే ఊడ్చేవాడివి. కిటికీలోంచి చూసి ఎంత తిట్టుకున్నానో. … నిన్నే. నన్ను నేను కూడా, కాస్త.

తప్పయింది, వెర్లిన్. ఇర్మా నాకూ స్నేహితురాలే. నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

… వచ్చే మీటింగులో మైకు దగ్గరకెళ్ళి అందరి ముందూ చెప్తా. … అక్కర్లేదా? … ఇంకోసారి మైకు ముట్టుకోవద్దా? … అదీ నిజమే. ముట్టుకుంటే ఇంకో రూలు పుడుతుంది.

… ఏంటి? … ఏం తింటాయా? … ఎందుకడుగుతున్నావ్? … అంటే… అంటే ఒప్పుకున్నట్టేనా?

… పుచ్చకాయ తొక్కలంటే ప్రాణం. గ్లాడిస్‌కి మాత్రం టమాటా కనబడిందా, మిగతా వాటిని దగ్గరికి రానివ్వదు. గూటికి చక్రాలున్నాయి, సాయంత్రం వీధి చుట్టూ తోసుకొస్తా. కానీ, వెర్లిన్… ఇంకొకటుంది. చెప్పకపోతే మోసం అవుతుంది. గూడు ఎవరి పెరట్లో ఉంటే కోళ్ళు వాళ్ళ పేరు మీదే ఉండాలట.

… అంటే నీవే. చట్టప్రకారం నీవి. ఊళ్ళో మొట్టమొదటి పర్మిట్ కోళ్ళ ఆసామివి నువ్వే. … నవ్వకు.

… నవ్వకు అంటుంటే! నాకు ఏడుపొస్తోంది. … నిజంగానే. పొద్దున లేస్తే కాఫీ కూడా తాగకుండా వాటి దగ్గరికే పోతాను. నా అడుగు చప్పుడు వింటే తలుపు దగ్గరికి పరిగెత్తుకొస్తాయి. ఇంట్లో నా కోసం పరిగెత్తుకొచ్చేది ఇంకెవరున్నారు? రేపట్నించి వీధి చుట్టూ తిరిగొచ్చి, నీ గంట కొట్టి, 'అయ్యా, నా కోళ్ళని చూడొచ్చా' అనాలా?

…

ఏమిటా చప్పుడు? … నీ పెరటి తలుపా? … కంచె దగ్గరున్నావా? … ఆగు, ఆగు, వస్తున్నా. ఫోను భుజానికి ఆనించి… ఆ. కనబడ్డావు. టోపీ ఒక్కటే కనబడుతోంది.

… కోళ్ళని ఇప్పుడే అందించమంటావా? … సరే. గూడు సాయంత్రం తెస్తాలే. ముందు ఈ చిన్న పెట్టని అందుకో. రెక్కలు ఒంటికి నొక్కి పట్టుకో. … అదేం చెయ్యదు, భయపడేది నువ్వే. … ఇదిగో రెండోది. … అరుస్తుందిలే, పట్టించుకోకు. … ఇది ఇంకోటి. … ఆ.

గ్లాడిస్, రావే తల్లీ…

…

వద్దు. దీన్ని ఇవ్వలేను. … లేదు, చేతులు రావడం లేదు, వెర్లిన్. ఈ కంచె ఇంత ఎత్తు ఎప్పుడయింది?

… ఏంటీ? … ఈ పలకలు ఊడదీస్తావా? … గేటా? నీ పెరటికీ నా పెరటికీ మధ్య గేటా?

… నీకేమైనా మతి పోయిందా? సరిహద్దు కంచె ముట్టుకోవాలన్నా పర్మిట్ కావాలి. దరఖాస్తు పెట్టాలి, కౌన్సిల్లో చర్చ జరగాలి, ఇరుగుపొరుగు అభిప్రాయం అడగాలి, కెండ్రా లేచి సూత్రప్రాయంగా—

…

… ఆ.

… ఆ, అర్థమైంది. ఎవర్నీ అడక్కుండానే.

… లేదు, అద్దాల గదిలో ఎవరూ లేరు. కారు కూడా లేదు. … డ్వెయినా? వాడు గూడు చూడ్డానికి వస్తాడు, కంచె చూడ్డానికి కాదు. చూసినా గుడ్లు తీసుకునేది మన దగ్గరే కదా.

రంపం తీసుకురా. … వద్దు, కరెంటుది వద్దు, చేతిదే. చప్పుడు కాకుండా కొయ్యి. … ఇంక ఆపు, ఫోనులో ఒక్క మాట కూడా మాట్లాడకు. పెట్టెయ్. పెట్టెయ్యవయ్యా, ఎవరైనా విన్నారంటే దీనికీ చట్టం చేసేస్తారు!